బండి ఆగింది సరే, ఇంజిన్ ఆగిందా? వైరు ముట్టకుండా తెలుసుకోవడం గురించి

గుంటూరు నుంచి ట్రావెల్స్ నడిపే ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర 11 కార్లు తిరుగుతున్నాయి. ఏడు సొంతవి, నాలుగు వేరేవాళ్లవి అటాచ్ తీసుకున్నవి. వెయిటింగ్‌లో ఉన్నప్పుడు డ్రైవర్లు ఏసీ వేసుకుని గంటల తరబడి బండి స్టార్టింగ్‌లోనే ఉంచుతున్నారని ఆయన అనుమానం. కిలోమీటర్లకీ డీజిల్‌కీ లెక్క కుదరడం లేదట. జీపీఎస్ చూస్తే బండి ఆగిందని చెబుతోంది గానీ ఇంజిన్ సంగతి చెప్పడం లేదు. అటాచ్ బండ్ల ఓనర్లేమో వైరు మీద చెయ్యి వేస్తే ఊరుకోమంటున్నారు. ఏ వైరూ కలపకుండా ఇంజిన్ తిరుగుతోందో లేదో తెలుసుకునే దారి ఉందా, ఉంటే దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని ఆయన అడుగుతున్నారు.

ఉందండీ. బండి వణుకుని కొలవడమే ఆ దారి. అయితే ఎంత వణుకుతోంది అని కాదు, ఏ లయలో, అంటే సెకనుకి ఎన్నిసార్లు వణుకుతోంది అని కొలవాలి. చవక పరికరాలన్నీ తప్పేది ఇక్కడే. మూడు నాలుగు వందల రూపాయల్లో దొరికే యాక్సెలరోమీటర్ (కదలికని కొలిచే) చిప్పు, ఒక చిన్న కంట్రోలర్, సరైన చోట బిగింపు ఉంటే, ఆగి ఉన్న మామూలు పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ బండ్లలో ఇంజిన్ నడుస్తోందా లేదా అన్నది పది పదిహేను సెకన్లలో తేలిపోతుంది. హైబ్రిడ్ల గొడవ వేరు, చివర్లో చెబుతా.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా మొదలుపెట్టి, పదేళ్లుగా ట్రాకర్లు బిగించే పనిలో ఉన్నాను. వైర్లు కలిపి బిగించినవి వందల్లో ఉంటాయి. వైరు లేకుండా పెట్టినవి ముప్పై, ముప్పై అయిదు బండ్లు. తప్పులన్నీ ఆ ముప్పైలోనే చేశాను కాబట్టి వాటి గురించే ఎక్కువ చెప్పగలను.

ముందు ఒక తేడా తెలుసుకోండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండటం వేరు, ఇంజిన్ తిరగడం వేరు. తాళం రెండో పాయింటుకి తిప్పి పాటలు వింటూ కూర్చున్నా ట్రాకర్ 'ఇగ్నిషన్ ఆన్' అనే చూపిస్తుంది. ఒక ఓనరు ఆ రిపోర్టు పట్టుకుని డ్రైవర్‌ని నిలదీస్తే, ఆ కుర్రాడు సెల్‌ఫోన్ ఛార్జింగ్ కోసం తాళం తిప్పాడని తేలింది. పని మానేసి వెళ్లిపోయాడు కూడా. వైరు కలిపినంత మాత్రాన నిజం తెలిసిపోతుందని అనుకోకండి.

ఇప్పుడు వణుకు సంగతి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు సిలిండర్లలో పేలుళ్లు వరసగా, లెక్క తప్పకుండా వస్తాయి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి క్రాంకు, అంటే ఇంజిన్ ఇరుసు, రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరు ఒక్కసారి పేలుతుంది. నాలుగు సిలిండర్ల బండికి చుట్టుకి రెండు దెబ్బలు, మూడు సిలిండర్ల బండికి చుట్టుకి ఒకటిన్నర. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 750 ఆర్‌పీఎం (నిమిషానికి 750 చుట్లు) అనుకోండి. 60తో భాగిస్తే సెకనుకి పన్నెండున్నర చుట్లు. నాలుగు సిలిండర్లయితే సెకనుకి 25 దెబ్బలు, అంటే 25 హెర్ట్‌జ్. అదే 800 ఆర్‌పీఎం మీద నడిచే మూడు సిలిండర్ల బండికి 20 హెర్ట్‌జ్. సీటు కింది ఇనప పట్టా మీద పెట్టిన చిప్పు కొలతల్ని, ఏ హెర్ట్‌జ్ దగ్గర ఎంత వణుకు అని గ్రాఫు గీస్తే, ఈ అంకె దగ్గర ఒక సన్నటి శిఖరం లేస్తుంది. ఇంజిన్ ఆపగానే అది పడిపోతుంది. మనకి కావలసింది ఆ ఒక్క శిఖరమే.

మరి వణుకు మొత్తం ఎంతో చూసుకుంటే సరిపోదా? నేనూ మొదట అలాగే చేశాను. ఇంత దాటితే ఆన్, తగ్గితే ఆఫ్ అని ఒక గీత గీశాను. బండిలో మనిషి అటూ ఇటూ కదిలినా ఆన్. తలుపు వేస్తే ఆన్. పక్కనుంచి లారీ పోతే ఆన్. పాటల్లో బాస్ పెంచితే ఇంకా చక్కగా ఆన్. పోనీ అని గీత పెంచితే, కొత్త పెట్రోల్ బండ్లు నడుస్తున్నా ఆఫ్‌లోనే కనిపించాయి. ఈ మధ్య వచ్చే కార్లకి ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బర్లు ఎంత బాగుంటున్నాయంటే, ఏసీ లేకుండా ఐడ్లింగ్‌లో ఉంటే డ్రైవరే ఆగిపోయిందనుకుని మళ్లీ సెల్ఫ్ కొడుతున్నాడు. పాత డీజిల్ బండిలో వచ్చే వణుకులో పదో వంతు కూడా వీటిలో రాదు. ఒకే గీత రెండింటికీ సరిపోదు.

లయ చూసుకుంటే ఈ గొడవ తగ్గుతుంది. మనిషి కదలిక సెకనుకి ఒకటి రెండు ఊపులు, అయిదు దాటడం అరుదు. తలుపు దెబ్బ ఒక్కసారి కొట్టి అర సెకనులో చచ్చిపోతుంది. పాటల బాస్ నలభై పైన మొదలై వంద దాకా పాకుతుంది, అదీ పాటతో పాటు మారుతూ ఉంటుంది. ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాను సాధారణంగా ఐడ్లింగ్ ఇంజిన్ కన్నా పైన ఉంటాయి. ఇంజిన్ ఒక్కటే ఇరవై ముప్పై మధ్య ఒక చోట పట్టుకుని కదలకుండా నిలబడుతుంది. నేను రాసుకున్న షరతు ఇది: 15 నుంచి 45 హెర్ట్‌జ్ లోపల ఒక శిఖరం పక్కవాటికన్నా కనీసం అయిదు రెట్లు ఎత్తుగా ఉండాలి, వరసగా పది కొలతల్లో కనిపించాలి, ఒక కొలతకీ ఇంకో కొలతకీ ఒక హెర్ట్‌జ్ మించి జరగకూడదు. పైహద్దు 45 ఎందుకంటే, పొద్దున్నే చల్లటి ఇంజిన్ సెల్ఫ్ కొట్టగానే 1200 దాకా పోతుంది. నాలుగు సిలిండర్లకి అది 40 హెర్ట్‌జ్. ముప్పై దగ్గర హద్దు కట్టి, రోజూ పొద్దున మొదటి రెండు నిమిషాలు ఎందుకు పోతున్నాయా అని నేను వారం రోజులు జుట్టు పీక్కున్నాను.

ఇక చాలామంది పడే గుంట. సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తున్నారన్నది చూసుకోండి. ట్యూబ్‌లైటు కింద ఫ్యాను రెక్కలు ఒక్కోసారి నిలబడిపోయినట్టు కనిపిస్తాయి కదా, ఇదీ అంతే. బ్యాటరీ ఆదా అవుతుందని చిప్పుని సెకనుకి 25 సార్లు కొలిచేలా పెట్టారనుకోండి. సెకనుకి 25 సార్లు వణికే బండి ప్రతిసారీ ఒకే చోట దొరుకుతుంది. అంకెలన్నీ ఒకటే, గ్రాఫు చదునుగా ఉంటుంది. బండి నిక్షేపంగా నడుస్తుంటే పరికరం ఆఫ్ అంటుంది. ఆర్‌పీఎం కాస్త పెరిగి 26.7 హెర్ట్‌జ్ అయితే అది 1.7 హెర్ట్‌జ్ లాగా, అంటే మనిషి కదిలినట్టుగా కనిపిస్తుంది. కాబట్టి సెకనుకి కనీసం 100 సార్లు, కుదిరితే 200 సార్లు కొలవండి. 100 చొప్పున 128 శాంపిల్స్ కలిపి ఒక కొలతగా తీసుకుంటే 1.28 సెకన్లు పడుతుంది, మెట్టు (గ్రాఫులో విడిగా తెలిసే అతి చిన్న తేడా) 0.78 హెర్ట్‌జ్ వస్తుంది. మన పనికి అది ధారాళంగా సరిపోతుంది. మార్కెట్లో 'వైర్‌లెస్ ట్రాకర్, వైబ్రేషన్‌తో ఇంజిన్ ఆన్ ఆఫ్' అని అమ్మేవాటిలో చాలావాటికి ఈ లెక్క ఉండదు. కదిలిందా లేదా అని చూసి దానికి 'వర్చువల్ ఇగ్నిషన్' అని పేరు పెడతారు. ఐడ్లింగ్ పట్టుకోవడానికి అది పనికిరాదు. కొనేముందు సెకనుకి ఎన్ని శాంపిల్స్ అని అడగండి. నీళ్లు నమిలితే వదిలేయండి.

చిప్పు ఏదైనా ఫరవాలేదు. ఏడీఎక్స్‌ఎల్345, ఎల్ఐఎస్3డీహెచ్, ఎంపీయూ6050 మూడూ వాడాను. బ్యాటరీ మీద నడపాలంటే ఎల్ఐఎస్3డీహెచ్ మేలు, ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు దాదాపు తాగదు. భూమ్యాకర్షణ వల్ల వచ్చే స్థిరమైన అంకెని సగటు తీసి ముందే కొట్టేయండి, లేకపోతే సున్నా దగ్గర పెద్ద కొండ లేచి మిగతాదంతా మరుగున పడుతుంది.

ఎక్కడ బిగించాలన్నది చిప్పు ఎంపిక కన్నా పెద్ద విషయం. డ్రైవర్ సీటు కింద సీటుని ఫ్లోరుకి పట్టి ఉంచే ఇనప పట్టా ఉంటుంది, అది నా మొదటి ఎంపిక. రెండోది డాష్‌బోర్డు కింద స్టీరింగ్ కాలమ్ పట్టుకున్న ఇనప బ్రాకెట్. ఇనుముకి ఇనుము తగలాలి. గట్టి అయస్కాంతం ఉన్న డబ్బా అయితే వైరూ వద్దు, స్క్రూ కూడా వద్దు. డాష్‌బోర్డు ప్లాస్టిక్ మీద పెడితే ప్లాస్టిక్ తన సొంత గలగల కలుపుతుంది. తలుపు జేబులో పెడితే తలుపు వేసినప్పుడల్లా పండగే. మందపాటి స్పాంజి టేపుతో మాత్రం అంటించకండి. ఒకసారి ఒకే రకం బండ్లు ఆరింటికి బిగిస్తే, నాలుగు చక్కగా పనిచేసి రెండు మూగపోయాయి. చిప్పులు మార్చాను, ప్రోగ్రాం మార్చాను, ఏమీ లాభం లేదు. చివరికి చూస్తే ఆ రెండింటినీ మా కుర్రాడు టేపు అయిపోయిందని రెండు పొరల స్పాంజితో అంటించాడు. ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు చేసే పనే ఆ స్పాంజి మళ్లీ చేసింది.

సిలిండర్ల సంఖ్య బండి పేరుని బట్టి ఊహించకండి. మీ దగ్గర డిజైర్లు ఉంటే ఇది మరీ ముఖ్యం. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్, కొత్త డిజైర్‌లలో పెట్రోల్ ఇంజిన్ మూడు సిలిండర్లది. అంతకుముందువి నాలుగు. పేరు ఒకటే, పక్కపక్కనే నిలబెడితే ఒకటి ఇరవై దగ్గర, ఇంకోటి పాతిక దగ్గర పలుకుతుంది. పైగా మూడు సిలిండర్ల ఇంజిన్‌కి చుట్టుకొక్కసారి వచ్చే ఊపు కూడా ఉంటుంది, 800 మీద అది 13 హెర్ట్‌జ్ చిల్లర. కొన్ని బండ్లలో ఇదే పెద్దగా కనిపిస్తుంది, పైన చెప్పిన 15 కిందిహద్దుకి అది దొరకదు. అందుకే బిగించిన రోజే ప్రతి బండికీ విడిగా అయిదు నిమిషాలు కొలత తీసుకుని, ఆ బండి లయ ఆ బండికే రాసిపెట్టుకోవాలి. అన్నిటికీ ఒకే సెట్టింగు కాపీ కొడితే రెండో రోజు నుంచే ఫోన్లు వస్తాయి.

మీకు అసలు కావలసింది ఏసీ సంగతి కదా. దానికో చిన్న లాభం ఉంది, ఈ పద్ధతిలో ఏసీ కూడా దొరుకుతుంది. మామూలు క్లచ్ కంప్రెసర్ ఉన్న బండ్లలో కంప్రెసర్ పట్టుకోగానే ఇంజిన్ పడిపోకుండా ఐడ్లింగ్‌ని కాస్త లేపుతారు. 750 ఉన్నది 850 అయితే నాలుగు సిలిండర్లకి 25 నుంచి 28.3కి ఎక్కుతుంది. కంప్రెసర్ వదిలితే మళ్లీ దిగుతుంది. గ్రాఫు మీద మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం అయితే పైమెట్టు మీదే చాలాసేపు ఉంటుంది. ఇది చూశాక నాకే ముచ్చటేసింది, ఏ వైరూ ముట్టకుండా కంప్రెసర్ ఎన్నిసార్లు పట్టిందో చెప్పగలగడం. అయితే కంప్రెసర్ సామర్థ్యాన్ని తనంతట తానే సర్దుకునే రకం ఉన్న బండ్లలో మెట్లు ఇంత స్పష్టంగా రావు.

ఈ పద్ధతి ఎక్కడ బోల్తా కొడుతుందో కూడా చెప్పాలి. ఒక బండి హైదరాబాద్ నుంచి వస్తూ సూర్యాపేట దాటాక ఆగిపోయింది. రికవరీ లారీ ఎక్కించి విజయవాడ తెచ్చారు. దారి పొడుగునా మా పరికరం 'ఇంజిన్ ఆన్' అని పంపుతూనే ఉంది. ఓనరు ఫోన్ చేసి "బండి చెడిపోయిందని వాడంటాడు, మీ మిషన్ ఏమో నడుస్తోందంటోంది, ఇద్దర్లో ఎవర్ని నమ్మమంటారు?" అన్నారు. తప్పు మిషన్‌దే. బండి కదులుతుంటే ఇంజిన్ ఆన్ అని నేనే రాశాను. లారీ తిరుగుతుంటే దాని వణుకు కూడా పైనున్న కారుకి ఎక్కింది. ఇంకోసారి స్టేషన్ పార్కింగ్‌లో పక్కనే ఒక బస్సు స్టార్టింగ్‌లో ఉంది. ఆరు సిలిండర్ల డీజిల్ 600 మీద తిరిగితే 30 హెర్ట్‌జ్ వస్తుంది, సరిగ్గా మన హద్దులోనే. గీత మరీ కిందకి పెట్టడం వల్ల అది కూడా దొరికింది. అప్పటినుంచి కొత్త షరతు ఒకటి పెట్టాను: శిఖరం ఆ బండి సొంత లయకి నాలుగు హెర్ట్‌జ్ దాటి దూరంగా ఉంటే, అది చల్లటి స్టార్టింగ్ సమయం కాకపోతే, 'అనుమానం' అని రాయాలి తప్ప ఆన్ అని రాయకూడదు. ఆన్, ఆఫ్ రెండే కాకుండా ఈ మూడో గడి ఉంచుకోండి. ఓనర్లతో సగం తగాదాలు తగ్గుతాయి.

బ్యాటరీ గురించి రెండు మాటలు. మే నెలలో మన వైపు ఎండలో నిలబెట్టిన కారు లోపల ఎంత ఉడికిపోతుందో మీకు తెలియంది కాదు. మామూలు సెల్‌ఫోన్ రకం లిథియం బ్యాటరీ పెట్టిన మొదటి డబ్బాలు రెండు అప్పడాల్లా ఉబ్బాయి. నెట్‌వర్క్ సిమ్ము లేకుండా బ్లూటూత్‌తో డ్రైవర్ ఫోనుకో, ఉన్న ట్రాకర్‌కో పంపేట్టయితే 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్లు వాడండి. వేడికి బాగా తట్టుకుంటాయి. ఛార్జింగ్ చేయకూడదు, అయిపోతే మార్చడమే. సిమ్ము ఉన్న పరికరానికి ఇవి ఒంటరిగా చాలవు, సిగ్నల్ పంపేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే ఇవ్వలేవు. పెద్ద కెపాసిటర్ తోడు పెట్టాలి.

ఇదంతా ఆ నాలుగు అటాచ్ బండ్ల కోసం. మీ సొంత బండ్లు ఏడింటికీ బహుశా ఏమీ కొననక్కర్లేదు. అవి ఎల్లో బోర్డు అయితే, 2019 జనవరి 1 నుంచి రిజిస్టర్ అయినవైతే, ప్రభుత్వ నిబంధన ప్రకారం పెట్టే ఏఐఎస్-140 ట్రాకర్ ఉండే ఉంటుంది, ఆ రెడ్ ప్యానిక్ బటన్ వచ్చేది. ఆ పరికరం పంపే లొకేషన్ డేటా ప్యాకెట్‌లో ఇగ్నిషన్ స్థితితో పాటు బండి బ్యాటరీ వోల్టేజీ కూడా ఉంటుంది. చాలామంది వెండర్లు దాన్ని స్క్రీన్ మీద చూపించరు, అడిగితే ఇస్తారు. ఇంజిన్ ఆగి ఉన్న మంచి బ్యాటరీ 12.4 నుంచి 12.7 వోల్టుల మధ్య ఉంటుంది. ఇంజిన్ తిరిగి డైనమో ఛార్జింగ్ ఇస్తుంటే 13.8 నుంచి 14.4. ఇగ్నిషన్ ఆన్, వోల్టేజీ 13.3 పైన, స్పీడు సున్నా. ఈ మూడూ కలిసిన నిమిషాలు లెక్కపెట్టండి, మీ ఐడ్లింగ్ లెక్క వచ్చేస్తుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి వోల్టేజీ 12.2 దగ్గర ఉందంటే వాడు పాటలు వింటున్నాడు, బ్యాటరీ తింటున్నాడు, డీజిల్ కాదు.

వోల్టేజీకీ మెలికలున్నాయి. బండి ఆపిన వెంటనే బ్యాటరీ మీద పైపూత లాంటి ఛార్జి కాసేపు నిలుస్తుంది, కొన్ని నిమిషాలు 13 పైనే చూపించొచ్చు. అందుకని ఒక్క కొలత నమ్మకుండా వరసగా చూడాలి. రెండోది, స్మార్ట్ ఆల్టర్నేటర్, అంటే ఛార్జింగ్‌ని తానే సర్దుకునే డైనమో. స్మార్ట్ హైబ్రిడ్ అని ఉండే ఎర్టిగా లాంటి బండ్లు, ఇంకా కొత్తవి చాలా, బ్యాటరీ నిండిందనుకుంటే ఛార్జింగ్ తగ్గించేస్తాయి. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, మీటర్ మాత్రం 12.8 చూపిస్తుంది. బ్రేక్ వేసినప్పుడు ఒక్కసారిగా 14 దాటిపోతుంది. అలాంటి బండికి వోల్టేజీ ఒక్కటే సాక్షి అయితే కేసు ఓడిపోతారు, వణుకు కూడా తోడు కావాలి.

అటాచ్ ఓనర్లు సాకెట్లో ప్లగ్ పెట్టడానికి ఒప్పుకుంటే సిగరెట్ లైటర్‌లో పెట్టే వోల్టేజీ రకం కూడా ఉంది. కట్టింగ్ ఉండదు. కొన్ని బండ్లలో తాళం తీస్తే ఆ సాకెట్‌కి కరెంటు రాదు, కొన్నిటిలో ఎప్పుడూ ఉంటుంది, ముందు చూసుకోండి. దీనికున్న అసలు లోపం, డ్రైవర్ ఫోన్ ఛార్జర్ కోసం దాన్ని పీకేస్తాడు.

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో (సర్వీస్ వాళ్లు స్కానర్ కలిపే చోటు) బ్లూటూత్ డాంగిల్ పెట్టడం ఇంకో దారి. నిజం చెప్పాలంటే అన్నిటికన్నా ఖచ్చితమైనది ఇదే, ఎందుకంటే ఆర్‌పీఎం ఎంతో ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూనే చెబుతుంది. రెండు బైట్లు వస్తాయి, మొదటిదాన్ని 256తో గుణించి రెండోది కలిపి 4తో భాగించాలి. 12, 128 వచ్చాయనుకోండి, 3200ని 4తో భాగిస్తే 800 ఆర్‌పీఎం. ఇంజిన్ స్టార్ట్ అయి ఎన్ని సెకన్లయిందో కూడా కొన్ని బండ్లు ఇస్తాయి. కానీ చవక డాంగిల్స్ చాలావాటికి నిద్రపోవడం రాదు. బండి ఆపినా 40 మిల్లీ ఆంపియర్లు లాగుతూ కూర్చుంటే రోజుకి దాదాపు ఒక ఆంపియర్-అవర్. సంక్రాంతికి ఊరెళ్లి పది పన్నెండు రోజులకి వచ్చి తాళం తిప్పితే చిన్న కారు 35 ఏహెచ్ బ్యాటరీ కాస్త పాతదైతే టిక్కుటిక్కుమంటుంది. మాకు ఇలాంటి ఫోన్లు జనవరి మూడో వారంలో ఎక్కువ. పైగా వారంటీలో ఉన్న బండికి పోర్టులో ఏదో ఉందని చూస్తే సర్వీస్ సెంటర్లో అన్ని జబ్బులకీ అదే కారణమంటారు.

మిగతావి నలుగురూ చెప్పేవి, త్వరగా దాటేస్తా. బ్యాటరీ నెగటివ్ కేబుల్ చుట్టూ క్లాంపు వేసి కరెంటు ఎటు పోతోందో చూడొచ్చు, వైరు తెగదు. కానీ ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే మామూలు టాంగ్ టెస్టర్ ఇంటి కరెంటు లాంటి ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటుకే, డీసీ కొలిచే హాల్ సెన్సర్ రకం కావాలి, దాన్ని బానెట్ కింద వేడిలో ఉంచాలి. ప్లగ్ స్పార్క్ వల్ల వచ్చే రేడియో గోల పట్టుకోవచ్చని కొందరంటారు. చిన్నప్పుడు ఇంట్లో మీడియం వేవ్‌లో విజయవాడ కేంద్రం వార్తలు వస్తుంటే వీధిలో లూనా పోతే రేడియో టర్రుమనేది, గుర్తుందా, అదే ఇది. ఇప్పటి బండ్లలో కాయిల్ నేరుగా ప్లగ్ మీదే కూర్చుంటుంది, ప్లగ్‌లో రెసిస్టర్ ఉంటుంది, గోల బాగా తగ్గిపోయింది. డీజిల్‌కి అసలు స్పార్కే లేదు. మీవి ఎక్కువ డీజిల్ కాబట్టి వదిలేయండి. వేడి చూసి చెప్పడం ఇంకా దండగ, ఇంజిన్ ఆపాక గంట తర్వాత కూడా వెచ్చగానే ఉంటుంది, మన ఎండకి బానెట్ దానంతట అదే కాలుతుంది. మైకు పెట్టి శబ్దం వినడం పనిచేస్తుంది గానీ, కారులో మైకు ఉందని తెలిస్తే డ్రైవర్లూ ప్యాసింజర్లూ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

హైబ్రిడ్లు. ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ లాంటివాటిలో బండి ఆన్‌లోనే ఉంటుంది, ఏసీ నడుస్తుంటుంది, ఇంజిన్ మాత్రం తనకి అవసరమైనప్పుడు కాసేపు తిరిగి ఆగిపోతుంది. వీటిలో 'ఇంజిన్ తిరుగుతోందా' అన్నదానికి వణుకు సరిగ్గానే జవాబిస్తుంది, 'బండి ఆన్‌లో ఉందా' అన్నదానికి ఇవ్వదు. సిగ్నల్ దగ్గర తనంతట ఆగే బండ్లకీ ఇదే మాట. మీ ఇంధనం లెక్కకి మొదటిదే కావాలి కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కాకపోతే కదిలితే ఇంజిన్ ఆన్ అనే షరతుని వీటికి తీసేయండి.

ఇదే డబ్బాని మా అపార్ట్‌మెంట్ జెనరేటర్‌కీ పెట్టాను, డీజిల్ లెక్క తేలక. జెనరేటర్ 1500 మీద కదలకుండా తిరుగుతుంది కాబట్టి కారు కన్నా చాలా సులువు. వాచ్‌మన్ పుస్తకానికీ దీనికీ తేడా నెలకి పది నిమిషాలు కూడా రాలేదు. పాపం అతన్ని అనవసరంగా అనుమానించారు.

ఆ మాట మీదే ఇంకోటి. పెట్టేముందు డ్రైవర్లకి చెప్పి పెట్టండి. దొంగచాటుగా పెడితే సీటు కింద డబ్బా వారంలో దొరికిపోతుంది, ఆ తర్వాత అది ఏ కాలువలో ఉందో వెతుక్కోవాలి. మే నెల మధ్యాహ్నం ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో మూడు గంటలు వెయిటింగ్ చేసేవాణ్ణి ఏసీ వేయొద్దంటే అది కుదిరే పని కాదు. ఏసీతో ఐడ్లింగ్ గంటకి దాదాపు లీటరు తాగుతుందనుకోండి. ఎండాకాలం రోజుకి ఇంతసేపు అని మీరే ఒక లెక్క ఇచ్చి, దాటినదాని గురించి మాట్లాడితే వాళ్లూ వింటారు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పండి: నాలుగు వైపులా మూసిన షెడ్డులోనో సెల్లార్‌లోనో ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిద్రపోవద్దని. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. నేను ఒక కస్టమర్‌కి సెల్లార్‌లో అరగంట దాటి ఇంజిన్ ఆన్‌లో ఉంటే ఓనరుకి ఫోన్ వెళ్లేలా పెట్టాను. డ్రైవర్లు అభ్యంతరం చెప్పని అలర్ట్ అదొక్కటే.

డబ్బు పెట్టేముందు మీ ఫోన్‌తోనే పరీక్ష చేయండి. ఫైఫాక్స్ అని ఒక ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లది. అందులో యాక్సెలరేషన్ స్పెక్ట్రమ్ తెరిచి, ఫోన్‌ని డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ తీసేసి నేల మీద పెట్టండి. ఒక నిమిషం ఇంజిన్ ఆపి, ఒక నిమిషం ఏసీ లేకుండా ఐడ్లింగ్, ఒక నిమిషం ఏసీతో. మూడు గ్రాఫులు స్క్రీన్‌షాట్ తీయండి. మొదటిదానిలో లేని శిఖరం రెండోదానిలో కనిపించి, మూడోదానిలో కాస్త కుడికి జరిగితే ఆ బండికి ఈ పద్ధతి పనిచేస్తుంది. ఆ నాలుగు అటాచ్ బండ్లవీ, బండి పేరు, ఏ సంవత్సరం, పెట్రోలా డీజిలా రాసి ఇక్కడ పెట్టండి. హద్దులు ఎంత పెట్టాలో చూసి చెబుతా.